మిస్ మాట్లాడేటప్పుడు కదలకూడదు

హలో… ఆ, జయంతి మిస్సే. నేనే మాట్లాడేది. ఎవరూ?

…ఆశా? ఏమ్మా, గొంతు అట్టా ఉందేంది? ఇస్కూలు నుంచేనా?… హెడ్మాస్టరు రూములో ఫోనా. ధర్మలింగం సారు పక్కనే ఉండారా?… లేరా. సెరి, అయితే ధైర్యంగా మాట్లాడు.

…నాకేం, ఉండా. అమ్మవారు పోసి ఇయ్యాళ్టికి ఏడో రోజు. నా మొహం చూస్తే జడుసుకుంటావు. వేపాకు మీద పండుకోని పండుకోని ఒళ్ళంతా చేదెక్కింది. తలకి నీళ్ళు పోసేదాకా గడప దాటకూడదంట, మా అత్తమ్మ ఆర్డరు. ఇంట్లో ఎవురూ ఈ ఫోను ముట్టుకోరు ఇప్పుడు, నేనొక్కతే… ఆ, చింతాద్రిపేటలో నేను, ఊరికి ఆ కొసన మనలిలో నా క్లాసు. ప్రాణమంతా ఆడే కొట్టుకుంటా ఉందనుకో. చెప్పు, ఏంది సంగతి?

…మాట వినడం లేదా? ఎవరు, నా పిల్లకాయలా? మూడో క్లాసు బి సెక్షనా?

…ఉండు ఉండు. నలభై రెండు మందీ బంగారాలమ్మా! నువ్వేం చెప్పినావు, ఏ భాషలో చెప్పినావు, ముందు అది చెప్పు.

…"లెయ్యండి, బయటికి రండి" అన్నావా. తెలుగులో!… మళ్ళా అదే మాట అరవంలో కూడా అన్నావా. ఐయో రామా.

…కదల్లేదు కదా? చేతులు కట్టుకోని, నిన్నే చూస్తా, నవ్వు ఆపుకుంటా కూర్చోనుండారు కదా?… ఆ! అదే కావాల నాకు. అదే!

…కోపం తెచ్చుకోవాకు, నిన్ను చూసి నవ్వడం లేదు. మూడు నెలల కష్టమమ్మా అది. సంతోషం పట్టలేక నవ్వుతుండా.

…బయటికి ఎందుకు పిలిచినావో తర్వాత చెప్దువులే. ముందు నేను చెప్పేది విను. నువ్వు నెల్లూరు నుంచి వచ్చి పది దినాలు కాలేదు, నీకు ఈ కథ తెలియదు. మన కరస్పాండెంటు వీరరాఘవులు గారు జూన్‌లో అందరినీ పిలిచి ఏమన్నారు? తెలుగు మీడియమంటే ఒక్క నాయన కూడా పిల్లని పంపడం లేదు, ఇంగ్లీషు మీడియం పర్మిషను తేవాల. ఇన్‌స్పెక్టరు వచ్చి క్లాసులో కూర్చుంటే ఆయన చెవిన ఒక్క తెలుగు ముక్క పడకూడదు. పడిందా, ఇస్కూలుకి తాళమే. అప్పుడు ఇచ్చినారు ఆ కాగితం. సైక్లోస్టైలు కొట్టింది, నలభై వాక్యాలు. టీచరు క్లాసులో ఏం మాట్లాడాలన్నా ఆ నలభైలోనే మాట్లాడాల. నీకూ ఇచ్చుంటారే?

…హ్యాండ్‌బ్యాగులో ఉందా. బ్యాగులో ఉంటే ఏం లాభం, నోట్లో ఉండాల.

ఒకటో నంబరు ఏంది, చెప్పు… తెలియదా. "వెన్ ఐ యామ్ స్పీకింగ్, డోంట్ మూవ్, డోంట్ టాక్." నేను మాట్లాడతా ఉంటే కదలకూడదు, నోరు తెరవకూడదు. దాని మీదనే నిలబడింది నా క్లాసంతా. రెండు, స్టాండ్ అప్. మూడు, సిట్ డౌన్. నాలుగు, మేక్ ఎ లైన్. అయిదు, ఫాలో ద లీడర్. అట్టా పోయి పోయి నలభయ్యోది, "దట్ ఈజ్ ఆల్ ఫర్ టుడే, సీ యూ టుమారో." అదీ సాయంకాలం బెల్లు కొట్టినాకనే. బెల్లు కొట్టనిదే నేను నలభై చెప్పినా ఒక్కడు లేవడు. చెప్పి చూసినా కదా!… ఆ, ఆ ముప్పై ఒకటోదాంట్లో మద్రాస్ అని ఉంటాది చూడు. కొట్టేసి చెన్నై అని రాసుకో, పేరు మార్చినారు కదా.

…ఉండమ్మా, పూర్తిగా చెప్పనీ. మధ్యలో మాట్లాడవాకు.

అసలు కిటుకు ఏందంటే, మధ్య మధ్యలో నేనే కావాలని తెలుగులో ఒక మాట వేస్తా. "లెయ్యండ్రా, వాన వస్తా ఉంది" అంటా. లేచినోడికి దెబ్బలు. ఆట మాదిరి. మొదట్లో క్లాసంతా లేచేది. ఇప్పుడు పాము వచ్చిందన్నా లేవరు. నువ్వు చెప్పినా నమ్మవు, పోయిన నెల ధర్మలింగం సారు పరీక్ష పెట్టేదానికి వాకిట్లో నిలబడి "నిప్పంటుకునింది, పరిగెత్తండి" అని అరిచినారు. నలభై రెండు మందిలో ఒక్కరు… ఒక్కరు కదిలుంటే అడుగు. ఆయన నాకు చేతులెత్తి దణ్ణం పెట్టినారు.

…ఏంది? ఎవురు లేచినారంటివి?

…వల్లీనా? మన ఆయా చెంగమ్మ కూతురా? నువ్వు తెలుగులో లెయ్యమంటే ఇయ్యాళ కూడా లేచిందా అది? అందరూ కూర్చోనుంటే తనొక్కతే?

…మళ్ళానా! చూడు, దీన్ని ఏం చేయాల చెప్పు. నాకు అమ్మవారు పోసే ముందు రోజు కూడా ఇదే కథ. చెంగమ్మ వాకిట్లోకి వచ్చి సద్దిగిన్నె చూపించి "వల్లీ, ఈడికి రావే" అనింది. అంతే, పాఠం మధ్యలో లేచి తుర్రుమనింది! అమ్మ గొంతు వింటే చాలు దానికి, ఇంగ్లీషూ లేదు, మిస్సూ లేదు. పిలిచి అరచేతిమీద నాలుగిచ్చినా, స్కేలుతో. చెంగమ్మ చూస్తానే ఉండింది, పావం, ఒక్క మాట అనలేదు. ఇంగ్లీషు వస్తే కూతురు తన మాదిరి గిన్నెలు కడగదులే అనుకోనుంటాది.

…ఇప్పుడు నీతోనే వచ్చిందా? నీ చెయ్యి పట్టుకోని ఆడే నిలబడుందా? ఇయ్యి ఫోను దానికి.

…ఆశా. ఇయ్యమంటుండా కదా.

…వల్లీ. గుడ్ మార్నింగ్… ఊఁ. హూ ఈజ్ స్పీకింగ్?… గుడ్. లిసన్ టు మీ. ఫేస్ ద వాల్. డోంట్ మూవ్. డోంట్ మూవ్ టిల్ ఐ టెల్ యూ. అండర్‌స్టాండ్?… లౌడ్లీ… గుడ్ గర్ల్. గివ్ ద ఫోన్ టు ఆశా మిస్.

…ఆ, ఆశా. చూసినావా, ఎట్టా నిలబడిందో? యాడ, బీరువా పక్కనా? ఉండనీ. నేను చెప్పేదాకా కదలదు ఇంగ. చూస్తా ఉండు, ఇన్‌స్పెక్టరు వచ్చే నాటికి ఈ పిల్లే అందరికంటే…

…ఏంది? వాసనా?

…మనలిలో వాసన రాని రోజు యాడుందమ్మా! గోడ అవతల ఫ్యాక్టరీని పెట్టుకోని మల్లెపూల వాసన వస్తాదా. కొత్తలో నేనూ ముక్కు మూసుకోనే పాఠం చెప్పినా. కుళ్ళిన గుడ్డు మాదిరి ఉంటాది, రెండు నెలలు పోతే ముక్కే…

…కాదా? బ్లీచింగు పౌడరు మాదిరా?

…కండ్లు మండతా ఉండాయా. నీకొక్కదానికేనా?… పిల్లకాయలకి కూడా.

…ఉండు. ఆ చప్పుడేంది? నీ వెనకాల… సైరనా? ఈ టయానికి సైరను లేదే. షిఫ్టు సైరను ఎనిమిదికి కదా మోగేది… ఆగిందా?… ఇంకా మోగతానే ఉందా.

ఆశా. ధర్మలింగం సారు యాడ?

…యాడికి? రైల్వే గేటు దిక్కా? పెద్ద క్లాసులన్నీ తోలుకోనా?… ఎప్పుడు?… పోయి పావుగంటయిందా! చెంగమ్మా?… శిశుతరగతి పిల్లల్ని చంకలో ఒకర్ని, చేత పట్టుకోని ఇద్దర్ని… ఆ. ఆ.

నీకేం చెప్పి పోయినారు సారు?

…"వాసన ఎక్కువగా ఉంది, బి సెక్షన్ని నువ్వు తోలుకోని వెనకాలే రా" అన్నారు.

…అందుకా "బయటికి రండి" అన్నావు.

…అందుకా ఫోను చేసినావు.

…మొదట్లోనే చెప్పొచ్చు కదే! నేను వాగతా ఉంటే వింటా నిలబడినావా ఇంచేపూ? గొంతు లేదా నీకు? ఫోను పెట్టేసి… ఆ. నేనే. నేనే చెప్పనియ్యలేదు. సెరి, ఏడవవాకు. ఏడిచేదానికి టయిం లేదు. నీ మీద కోపం లేదు నాకు. అక్క మాదిరి చెప్తుండా, విను.

కిటికీలోంచి చూడు. ఫోను వైరు చాలకపోతే ఆడినుంచే చూడు. ఏం కనపడతా ఉంది?

…పొగా? ఏం రంగు?… పసుప్పచ్చగా. పైకి పోతా ఉందా, కిందికి దిగతా ఉందా?

…గోడ మీదనుంచి కిందికి.

…ఏం రాలింది? కాకి పడిందా?… గ్రౌండులోనా… ఇంకోటా.

అత్తమ్మా! అత్తమ్మా, ఇటు రండి! పరవాలేదు, నన్ను ముట్టుకోవద్దులే, ఆడే నిలబడి వినండి! పక్కింటోళ్ళ ఫోన్లోంచి నూటొకటి కొట్టమనండి! ఫైరోళ్ళకి! మనలిలో మా ఇస్కూలు, ఫ్యాక్టరీ నుంచి గ్యాసు వస్తా ఉందని చెప్పమనండి, పిల్లకాయలు ఉండారని చెప్పమనండి!… బిన్నా పోండి!

హలో, ఆశా, ఉండావా? ఇట్టా చెయ్. నీ కొంగు తడుపు. కుండలో నీళ్ళు ఉంటాయి చూడు, ఆడే, స్టూలు మీద… ఆ. ముక్కుకి కట్టుకో. ఇప్పుడు క్లాసుకి పో. తెలుగు వద్దు. అరవం వద్దు. చేతులు పట్టి లాగవాకు, నలభై మందిని నువ్వు లాగలేవు, లాగితే ఇంకా బిగుసుకుంటారు, అదీ పరీక్షే అనుకుంటారు. తలుపు దగ్గర నిలబడు. గొంతు పెంచు, నా మాదిరి. కాగితం తియ్యి. రెండు చదువు, స్టాండ్ అప్. లేస్తారు. చెయ్యి అడ్డంగా చాపి నాలుగు చదువు, మేక్ ఎ లైన్. కడతారు. శ్రుతి లీడరు, రెండు జడల పిల్ల. అది ముందుకొస్తాది. దాని చెయ్యి పట్టుకో. అయిదు చదువు. ఫాలో ద లీడర్. నువ్వు యాడికి పోతే శ్రుతి ఆడికి, శ్రుతి యాడికి పోతే నలభై మంది ఆడికి. వెనక గేట్లోంచి, రైల్వే గేటు దిక్కు. ఏం?… చెప్పు మళ్ళా… రెండు, నాలుగు, అయిదు. అంతే. అంతేనమ్మా.

…ఏంది? మళ్ళా ఏంది?

…ఎవుర్ని ఏం చేయాల?… తర్వాత అడుగుదువు! పో! వెనక్కి చూడవాకు. ఫోను పెట్టవాకు, బల్ల మీద ఉంచు, నాకు వినపడాల… పో తల్లీ, పో.

…

…

ఏం వినపడడం లేదు. సైరనొకటి.

…చెప్పినారా అత్తమ్మా? వస్తుండారంటనా? యాడినుంచి? తండయార్‌పేట నుంచా… ఎంచేపు పడతాది. ఉండండి, ఉండండి, మాట్లాడవాకండి…

…ఆ. ఆశ గొంతు. "స్టాండ్ అప్." …గట్టిగా, ఇంకా గట్టిగా చెప్పు.

…బల్లలు! బల్లల చప్పుడు! లేచినారు. అత్తమ్మా, లేచినారు! "గుడ్ మార్నింగ్, మిస్" అంటుండారు, వినండి, అందరూ కలిసి… నా తల్లులు… ఇప్పుడు కూడా మానలేదు. తాపీగా రాగం తీస్తుండారే… చాలు, చాలు, కానీండ్రా.

…మేక్ ఎ లైన్. ఆ.

…ఆ.

…పోతుండారు. కాళ్ళ చప్పుడు. వరండాలో… వెనక దిక్కే. దగ్గుతుండారు, దగ్గనీ, నడవనీ… ఒక్క లైనులో, ఎట్టా పోతుండారు చూడండి… వింటుండారా అత్తమ్మా? ఎవురన్నా తోసుకుంటుండారా? ఎవురన్నా అరస్తుండారా? లేదు. అదీ నా క్లాసు.

…పోయినారు.

అబ్బ. అమ్మా తల్లీ, చల్లగా చూసినావు. నీకు పొంగలి పెట్టుకుంటా, అంబలి పోస్తా, అగ్గి తొక్కమన్నా తొక్కుతా… కొంచెం నీళ్ళు ఇయ్యండి అత్తమ్మా. ఆడే కింద పెట్టండి.

నలభై రెండు మందీ బయటపడినారు… ఉండండి. నలభై రెండే క్లాసులో. లీడరుతో కలిపి. శ్రుతి వెనకాల నలభై, శ్రుతి నలభై ఒకటి, ఇంగ…

…

ఎవురది?

…హలో? ఎవురు దగ్గింది? ఆశా, మళ్ళా వచ్చినావా?… ఫోను దగ్గర ఎవురో దగ్గినారే.

ఎవురమ్మా ఆడ?

…

వద్దు. అయ్యో, వద్దు వద్దు వద్దు.

…వల్లీ?

…"ప్రెజెంట్, మిస్" అంటావేమే!

ఆడే ఉండావా? బీరువా పక్కనా? గోడ తిరిగా?… ఆశా మిస్సు నీ గురించే అడగబోయింది. "ఈ పిల్లని ఏం చేయాల" అని అడగబోయింది. నేను తర్వాత అన్నా. తర్వాత అన్నానే, పాపిష్టిదాన్ని…

వల్లీ, పరిగెత్తు! వెనక గేటు దిక్కు పరిగెత్తవే!

…ఎందుకు ఊరకుండావు?… ఇది పరీక్ష కాదే. నిజంగా, మీ అమ్మ మీద ఒట్టు, పరీక్ష కాదు. తెలుగులో చెప్తుండా, తెలుగులోనే చెప్తుండా, కొట్టను, ఎవురూ కొట్టరు, పో!… అరవంలో చెప్పనా, పరిగెత్తమనే చెప్తుండా… ఓడు! ఓడు, కణ్ణు!

…"ఐ యామ్ సారీ, మిస్" కాదే! సారీ ఎందుకు నువ్వు! నవ్వుతుండావా, ఏడుస్తుండావా… నువ్వు గెలిచినాననుకుంటుండావు కదూ. కదల్లేదు చూడండి మిస్ అని.

సెరి. సెరి. ఇంగ్లీషులో చెప్తా. ఏడవవాకు. వల్లీ, లిసన్. కమ్ హియర్. టేక్ ద ఫోన్… ఆ. ఆ. ఫోను పట్టుకున్నావా. గుడ్ గర్ల్. మూవ్, వల్లీ. ఐ టెల్ యూ. గో. రన్!

…"యెస్, మిస్" అంటావు, కాలు కదపవు. రన్ అంటే తెలియదా నీకు? తెలియదు. యాడినుంచి తెలుస్తాది. నలభైలో లేదు కదా. నలభై వాక్యాల్లో పరిగెత్తమనే మాట ఒక్కటి రాయలేదే ఆ మహానుభావుడు! లెయ్, కూర్చో, కదలవాకు, మాట్లాడవాకు… మేక్ ఎ లైన్ అంటే ఒక్కతే ఏం లైను కడతాది. ఫాలో ద లీడర్ అంటే లీడరు వెళ్ళిపాయె. గో టు యువర్ ప్లేస్ అంటే… వద్దు, వద్దు, క్లాసులోకి పోయి కూర్చుంటాది. చేతులు కట్టుకోని కూర్చుంటాది.

…నలభై. నలభై ఉంది కదా. వల్లీ, దట్ ఈజ్ ఆల్ ఫర్ టుడే.

…

"బెల్, మిస్?" అంటావా.

బెల్లు కొట్టేవాళ్ళు లేరమ్మా. అందరూ పోయినారు. బెల్లు కొట్టరు ఇయ్యాళ… అవును, బెల్లు కొట్టనిదే లేవకూడదు. నేనే చెప్పినా. నేర్పించినదంతా నేనే.

దగ్గు వస్తా ఉందా? గొంతు మండతా ఉందా తల్లీ? గౌను ఎత్తి ముక్కుకి పెట్టుకో… అర్థమయిందా? నేను చెప్పేది అర్థమవతానే ఉంది కదా నీకు? అన్నీ అర్థమవతాయి. చేస్తే కొడతాననే కదా భయం.

…

…ఆగు. ఎవురు అరస్తుండారు? దూరంగా… నీకు వినపడిందా? మళ్ళా.

చెంగమ్మ!

చెంగమ్మే! నీ కోసం వెనక్కి వచ్చిందే మీ అమ్మ! "వల్లీ… ఈడికి రావే…" అంటా ఉంది, వింటుండావా? క్లాసుల కాడ వెతకతా ఉంది. నువ్వు ఈ రూములో ఉండావని దానికి తెలియదు. వల్లీ, ఒక్క మాట, ఒకే ఒక్క మాట, గట్టిగా అరువు. "అమ్మా" అను. నీ గొంతు వింటే ఎగిరొచ్చి ఎత్తుకుంటాది. అను తల్లీ.

…ఏంది? గట్టిగా.

…"మదర్" అంటావేమే!

మదర్ కాదే… అమ్మా అను. అమ్మా అని కేక వెయ్యి. నాకు కాదు, వాకిలి దిక్కు తిరిగి… చెంగమ్మా! చెంగమ్మా, ఈడే ఉంది, హెడ్మాస్టరు రూములో ఉంది!… ఈ ఫోన్లో నేను గొంతు పగిలేట్టు అరిచినా దానికి యాడ వినపడతాది.

…ఇంకో తూరి పిలిచింది. ఇప్పుడు ఆ దిక్కు నుంచి. దూరం పోతా ఉంది. వల్లీ, దూరం పోతా ఉందే!

నీకూ వినపడతా ఉంది. పెదిమలు ఆడతుండాయి కదూ నీకు. నాకు తెలుసు. ఆ రోజు కూడా సగం లేచి, నా మొహం చూసి, మళ్ళా అమ్మ మొహం చూసి… అప్పుడు ఎట్టా లేచినావే. ఇప్పుడెందుకు లేవవు?

…

నేను మాట్లాడతా ఉండా.

…అదీ సంగతి. నేను మాట్లాడతా ఉండానని. ఒకటో నంబరు. మిస్ మాట్లాడేటప్పుడు కదలకూడదు, నోరు తెరవకూడదు. నేను ఫోన్లో ఉండేంతసేపూ నువ్వు ఆ రిసీవరు చెవికి పెట్టుకోని అట్టానే నిలబడతావు. గ్యాసు వచ్చి నీ మీద… నిలబడే ఉంటావు.

…ఉండండి అత్తమ్మా. నాకు తెలుసు. ఫోను పెట్టేస్తే ఇంగ ఏం తెలియదని నాకు తెలుసు. పిల్ల పోయిందో లేదో, దాని అమ్మ చూసిందో లేదో… తెలియదు. ఎవురో ఒకరు చెప్పేదాకా ఇదే గడప లోపల కూర్చోవాల. తెలుసు.

వల్లీ. వింటుండావా. ఇది కడాకరు మాట. తెలుగులో చెప్తా, విను. ఆ రోజు మీ అమ్మ పిలిస్తే నువ్వు లేచినావు చూడు, అది తప్పు కాదు. నిన్ను కొట్టడం తప్పు. నేను చేసింది తప్పు. మిస్సే తప్పు చేసింది. ఆ రోజు ఎట్టా లేచినావో అట్టానే లెయ్. మిస్ గొంతు ఆగినాక ఇంగ ఒక్క గొంతే వినపడతాది నీకు. ఆ గొంతు యాడుంటే ఆడికి పో. ఏం?

…

…"థాంక్యూ, మిస్" అన్నావా.

…నేను చెప్పాల ఇప్పుడు. నేను చెప్పనిదే ముగియదు కదా. చెప్తుండా, విను.

సీ యూ… సీ యూ టుమారో, వల్లీ.

…ఇంగ పెడ్తుండా.